చదువు ముగిసి ఉద్యోగంలో చేరేవారికి బట్టల ఏర్పాటు: తిరుపతి, చిత్తూరు యువతకు సమగ్ర మార్గదర్శి

వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనో, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనో, చుట్టుపక్కల ఇంజనీరింగ్ కళాశాలల్లోనో చదువు ముగించుకొని నియామక పత్రం అందుకున్న పిల్లలున్న ఇంట్లో ఆ తరువాత జరిగేది సాధారణంగా ఒకటే. వచ్చే ఆదివారం ఇంటిల్లిపాదీ గాంధీ రోడ్డుకు వెళ్లి, ఏదో ఒక పెద్ద బట్టల అంగడిలో ఒకే పూటలో అరడజను చొక్కాలో, అరడజను కుర్తీలో, వాటికి జోడుగా ప్యాంట్లో కొనుక్కొని, సంచులు మోసుకుంటూ ఇంటికి వస్తారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఆ ఉత్సాహంలో కొన్న వాటిలో సగం మూడు నెలలు తిరిగేసరికి బీరువా అడుక్కు చేరతాయి. మిగిలిన సగమే ఉతికి ఉతికి, తొడిగి తొడిగి, ఏడాదిలోపే వెలిసిపోతాయి.

ఇందుకు కారణం రుచి లేకపోవడమో, డబ్బు లేకపోవడమో అనుకోనక్కరలేదు. ఎన్ని బట్టలు కావాలన్నది వారంలో మీకు ఎన్ని పనిదినాలు, ఎన్ని ఉతుకులు ఉన్నాయన్నదాన్ని బట్టి తేలుతుంది. ఎలాంటివి కావాలన్నది మీ కార్యాలయాన్నీ, మన ఎండనూ బట్టి తేలుతుంది. ఈ లెక్కలు అంగడి మెట్లెక్కకముందే వేసుకోవాలి. కింది వరుస అందుకోసమే. దీన్ని పూర్తి చేయడానికి మూడు జీతాల కాలం పెట్టుకోండి. తొందర అవసరం లేదు.

1. ఉన్న బట్టలను ముందు పరీక్షించండి

హాస్టలు పెట్టె, ఇంట్లో బీరువా, అమ్మ దాచిపెట్టిన పెళ్లిళ్ల బట్టలు, అన్నీ ఒకసారి మంచం మీదికి తీయండి. ఒక్కొక్కదాన్ని కిటికీ వెలుతురుకు ఎదురుగా ఎత్తి పట్టుకుంటే చంకల దగ్గర, మోచేతుల దగ్గర, ప్యాంటు కూర్చునే భాగంలో నూలు పలచబడిందో లేదో వెంటనే తెలుస్తుంది. వెలుతురు జల్లెడలోంచి వచ్చినట్టు కనబడితే ఆ గుడ్డకు కాలం తీరిందని అర్థం. దాన్ని ఇంటి వాడకానికి మళ్లించండి. కాలరు మడత అంచున నూలు తెల్లగా పైకి లేచిన చొక్కాలను పక్కన పెట్టండి కాని పారేయకండి. వాటి సంగతి చివరలో వస్తుంది.

తరువాత ప్రతి ప్యాంటూ, ప్రతి కుర్తీ తొడుక్కొని కుర్చీలో కూర్చోండి. నిలబడినప్పుడు చక్కగా ఉండి, కూర్చోగానే నడుము కోసేవి, తొడల మీద బిగుసుకునేవి రోజుకు ఎనిమిది గంటలు కూర్చొనే ఉద్యోగానికి పనికిరావు. వదులు చేయించడానికి లోపల గుడ్డ ఉందేమో కుట్టు తిప్పి చూడండి. వెనుక కుట్టులో అంగుళమైనా మిగులు ఉంటే టైలరు సరిచేయగలడు.

కళాశాలలో వేసుకున్న జీన్సు, టీషర్టులన్నీ ఇక పనికిరావని తీర్మానించవద్దు. ముదురు నీలం రంగులో, చిరుగులూ వెలిసిన మచ్చలూ లేని జీన్సు చాలా కార్యాలయాల్లో శనివారాలకు చెల్లుతుంది. కాలరు ఉన్న సాదా టీషర్టు సైతం అంతే.

2. కార్యాలయాన్ని చూసిన తరువాతే డబ్బు తీయండి

చేరే రోజుకు రెండు జతలు చాలు. మిగిలినవి మొదటి రెండు వారాలు అక్కడివారిని గమనించిన తరువాత కొనండి. గమనించవలసింది మేనేజరును కాదు. మీకంటే రెండు మూడేళ్ల ముందు చేరి, మీ పనే చేస్తున్నవారిని చూడండి. ఆ చోటికి నప్పేది ఏమిటో వారు అప్పటికే కనిపెట్టి ఉంటారు.

మన ప్రాంతంలో ఉద్యోగాలు ఒక్క తీరువి కావు, కాబట్టి బట్టల అవసరమూ ఒక్క తీరుగా ఉండదు. శ్రీసిటీ కర్మాగారాల్లోనూ, రేణిగుంట వైపు ఎలక్ట్రానిక్స్ పరిశ్రమల్లోనూ చేరేవారికి అనేక సంస్థలు యూనిఫారమే ఇస్తాయి. సున్నితమైన ఎలక్ట్రానిక్ భాగాలను అమర్చే గదుల్లో స్టాటిక్ విద్యుత్తు పుట్టకుండా ప్రత్యేకమైన కోటు, చెప్పులు తొడుక్కోవాలి. అలాంటి చోట చేరేవారు ఖరీదైన చొక్కాల మీద డబ్బు పోయడం వృథా. కోటు కింద వేసుకోవడానికి పలుచని నూలు బనియన్లు, తెల్లవారుజామున బస్సెక్కడానికి నాలుగు సాదా చొక్కాలు ఉంటే వారికి జరిగిపోతుంది.

ఆసుపత్రుల్లో పనిచేసేవారు మోచేతి పైకి మడవగల చేతులు, రోజూ ఉతికినా తట్టుకునే గుడ్డ, కాలివేళ్లను పూర్తిగా కప్పే బూట్లు చూసుకోవాలి. వేలాడే దుపట్టా అక్కడ అడ్డం. బ్యాంకులో కౌంటరు వెనుక కూర్చునేవారిని జనం నడుము పైభాగం వరకే చూస్తారు. అందువల్ల చొక్కా మీద, కాలరు మీద పెట్టే శ్రద్ధ ప్యాంటు మీద పెట్టనక్కరలేదు. పాఠశాలల్లో ఉపాధ్యాయినులకు చీర తప్పనిసరి అని చెప్పేచోట్లు ఉన్నాయి, చుడీదారు చాలనేవీ ఉన్నాయి. చేరకముందే కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. దేవస్థానానికి సంబంధించిన సంస్థల్లో సంప్రదాయ దుస్తులకు ప్రాధాన్యం ఉంటుందని వేరే చెప్పనక్కరలేదు. ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేసేవారికి ఈ మార్గదర్శిలో సగం చాలు. అయితే వీడియో సమావేశాల్లో సన్నని గళ్లు, దగ్గర దగ్గర చారలు తెరమీద అలలు అలలుగా కదిలి చూసేవారి కళ్లకు ఇబ్బంది కలిగిస్తాయి గనుక వారు సాదా రంగులకు కట్టుబడటం మేలు.

3. ఎన్ని కావాలో ఉతుకును బట్టి లెక్క వేయండి

ఎన్ని చొక్కాలు కొనాలని అడిగితే ఎవరికి తోచిన అంకె వారు చెబుతారు. నిజానికి ఇది చిన్న కూడిక. ఒక ఉతుకుకూ మరో ఉతుకుకూ మధ్య ఎన్ని పనిదినాలున్నాయో చూడండి. ఉతికిన బట్ట ఆరి, ఇస్త్రీ అయి చేతికి రావడానికి పట్టే రోజులు దానికి కలపండి. మరక పడిన రోజుకో, గుండీ ఊడిన రోజుకో ఒకటి అదనంగా వేయండి.

వారానికి ఆరు రోజుల పని, ఆదివారం ఒక్కసారే ఉతుకు, ఇస్త్రీ బండి నుంచి మంగళవారం సాయంత్రం బట్టలు రావడం అనుకుందాం. ఆరు, రెండు, ఒకటి కలిపితే తొమ్మిది చొక్కాలు కావాలి. అదే మనిషి బుధవారం సాయంత్రం కూడా ఒక బకెట్టు నానబెడితే మూడు, రెండు, ఒకటి కలిపి ఆరుతో సరిపోతుంది. బుధవారం అరగంట శ్రమ మూడు చొక్కాల ఖర్చు మిగులుస్తుందన్నమాట. బ్యాంకువారికి 2015 సెప్టెంబరు నుంచి రెండో, నాలుగో శనివారాలు సెలవు కాబట్టి వారి లెక్క కొన్ని వారాల్లో ఇంకొకటి తగ్గుతుంది.

మన వైపు ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వాన తెస్తాయి. ఆ రోజుల్లో మందపాటి నూలు ప్యాంటు ఆరడానికి రెండు రోజులు పట్టినా ఆశ్చర్యం లేదు. అదనంగా ఒక జత ఆ నెలల కోసమే ఉంచుకోవాలి.

ప్యాంటును ప్రతిరోజూ ఉతకనక్కరలేదు. ఇంటికి రాగానే విడిచి, గాలి తగిలేలా వేలాడదీస్తే రెండు రోజులు కట్టవచ్చు. కాబట్టి నాలుగు ప్యాంట్లు ఆరు రోజుల ఉద్యోగికి నిబ్బరంగా చాలుతాయి. స్త్రీల లెక్కలో ఒక మెలిక ఉంది. నూలు చీరను కట్టి విప్పాక నీడలో ఆరవేసి మడిచి మరోసారి కట్టవచ్చు, కాని జాకెట్టు మాత్రం ఏ రోజుకారోజు ఉతకవలసిందే. అందువల్ల ప్రతి చీరకూ దాని రంగు జాకెట్టే అని కూర్చోకుండా, నలుపు, మెరూన్, ముదురు ఆకుపచ్చ, గోధుమ రంగుల్లో సాదా నూలు జాకెట్లు నాలుగు కుట్టించుకుంటే అవి పదిపన్నెండు చీరలకు తిరుగుతాయి. చుడీదారు వేసుకునేవారికి ఇదే సూత్రం ప్యాంటు విషయంలో వర్తిస్తుంది: కుర్తీలు ఆరు, వాటన్నిటికీ కలిసే ప్యాంట్లు మూడు.

4. రంగులను ముందే ఖాయం చేసుకోండి

కింది భాగానికి మూడు రంగులు నిర్ణయించుకోండి: ముదురు నీలం, బొగ్గు రంగు, ముదురు గోధుమ. పైన ఏది కొన్నా వీటిలో కనీసం రెండింటితో కలవాలి. కలవకపోతే ఎంత నచ్చినా అంగట్లోనే వదిలేయండి. ఈ ఒక్క నియమం పాటించినవారికి ఉదయం బీరువా ముందు నిలబడి ఆలోచించే పని ఉండదు.

ఎండకాలం తిరుపతిలో 40 డిగ్రీలు దాటడం మామూలే గనుక రంగు ఎంచుకునేటప్పుడు చెమట గురించి ఆలోచించక తప్పదు. చెమట తడి అన్నిటికంటే స్పష్టంగా కనబడేది లేత బూడిద రంగు మీద. ఆ తరువాత లేత నీలం. తెలుపు మీద, ముదురు నీలం మీద తడి దాదాపు తెలియదు. సన్నని చారలు, చిన్న గళ్లు కూడా తడిని దాచుతాయి. బైకు మీద తిరిగేవారు లేత రంగు ప్యాంట్లకు దూరంగా ఉండాలి. ఎర్రమట్టి, గొలుసు నూనె మరకలు వాటిని వదలవు.

మరకల ప్రస్తావన వచ్చింది కాబట్టి పసుపు సంగతి ఇక్కడే చెప్పడం మంచిది. మధ్యాహ్నం పప్పుచారో, ఉదయం పూజలో పసుపో తెల్ల చొక్కా మీద పడినప్పుడు సబ్బు రాయగానే ఆ మరక ఎర్రబడుతుంది, అది చూసి చాలామంది చొక్కా పోయిందనుకుంటారు. సబ్బులోని క్షారం వల్ల పసుపు ఎరుపెక్కడం సహజం. మామూలుగా ఉతికి నేరుగా ఎండలో వేస్తే ఒకటి రెండు ఎండలకు ఆ రంగు వెలిసిపోతుంది. కుంకుమ విషయంలో మాత్రం ఇంత ధీమా లేదు. దాన్ని తడపకముందే దులపాలి.

5. గుడ్డ తెలిసి కొనండి

ఇక్కడే ఎక్కువ సమయం వెచ్చించమని నా సలహా, ఎందుకంటే మన ఊళ్లో గుడ్డ కొని కుట్టించుకొనే వసతి ఇంకా బతికే ఉంది. పెద్ద నగరాలకు వెళ్లినవారు రెడీమేడుకు అలవాటుపడక తప్పదు. చెన్నైకో, బెంగళూరుకో వెళ్లేవారు కూడా వెళ్లేముందే నాలుగు జతలు ఇక్కడ కుట్టించుకొని పోవడం తెలివైన పని.

చొక్కాకు అచ్చమైన నూలు హాయిగా ఉంటుంది, చెమటను పీలుస్తుంది, కాని మధ్యాహ్నానికి నలుగుతుంది. నూలు, పాలియెస్టరు కలిసిన టెర్రీకాటన్ నలగదు, త్వరగా ఆరుతుంది, కాని పాలియెస్టరు పాలు పెరిగిన కొద్దీ వంటికి వేడి. మే నెలలో బస్సులో నిలబడి వెళ్లేవారికి నూలు, ఏసీ గదిలో కూర్చొని రోజంతా ఖాతాదారులను కలిసేవారికి నూలు పాలు ఎక్కువగా ఉన్న మిశ్రమం నప్పుతాయి. లినెన్ చల్లన, కాని దాని ముడతలను అందమనుకునే ఓపిక ఉండాలి, ఖరీదూ ఎక్కువే. రేయాన్ కుర్తీలు మెత్తగా జారుతూ ఉంటాయి గాని తడిసినప్పుడు ఆ నూలు బలం తగ్గుతుంది, అందువల్ల బండకేసి బాదకూడదు, పిండి మెలిపెట్టకూడదు.

అంగడివారు చెప్పింది నమ్మకం కుదరకపోతే అంచు నుంచి రెండు పోగులు లాగి ఇంటికి తెచ్చి అగ్గిపుల్లతో కాల్చి చూడండి. నూలు పోగు కాగితం కాలిన వాసనతో మండి, మెత్తని బూడిదగా రాలుతుంది. పాలియెస్టరు పోగు ముడుచుకుంటూ కరిగి, చల్లారాక చిన్న గట్టి పూసలా మిగులుతుంది. రెండూ కలిసిన గుడ్డలో బూడిదా ఉంటుంది, నలిపితే గరుకు పలుకులూ తగులుతాయి.

కొలతల విషయానికి వస్తే, సగటు ఒడ్డూ పొడుగూ ఉన్నవారికి 58 అంగుళాల పన్నా (వెడల్పు) గుడ్డ నిండుచేతుల చొక్కాకు 1.60 మీటర్లు, ప్యాంటుకు 1.20 నుంచి 1.30 మీటర్లు సరిపోతుంది. 36 అంగుళాల పన్నా అయితే చొక్కాకే రెండుంబావు నుంచి రెండున్నర మీటర్లు కావాలి. చేనేత గుడ్డలు చాలావరకు తక్కువ పన్నాలో వస్తాయి గనుక మీటరు ధర చూసి చవక అనుకోవడానికి ముందు పన్నా అడగండి.

చేనేత అనగానే పండగ చీరలే గుర్తుకు రావడం మన అలవాటు. వెంకటగిరి ఇప్పుడు మన జిల్లాలోనే ఉంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు ఇటు చేరింది. అక్కడి 100 కౌంటు (కౌంటు పెరిగే కొద్దీ పోగు సన్నబడుతుంది) నూలు చీరలు ఎంత సన్నగా, తేలికగా ఉంటాయంటే ఎండకాలంలో రోజంతా తరగతిలో నిలబడే ఉపాధ్యాయినికి వాటికి మించినవి దొరకవు. ఉద్యోగానికి కొనేటప్పుడు పెద్ద జరీ అంచును వదిలి, వేలెడు జరీ అంచో, అసలు జరీ లేని రంగు అంచో ఉన్నది తీసుకోండి. చీర 5.50 మీటర్లు, జాకెట్టు ముక్క మరో 80 సెంటీమీటర్లు ఉందో లేదో విప్పించి చూసుకోండి. మంగళగిరి నూలు గుడ్డ కుర్తీలకు గట్టిగా నిలుస్తుంది. రాష్ట్ర చేనేత సహకార సంస్థ అయిన ఆప్కో విక్రయశాలల్లో ఇవి దొరుకుతాయి. చేనేత గుర్తు ఉన్న చీటీ బట్టకు ఉందేమో చూడండి.

శ్రీకాళహస్తి కలంకారీని పనికి వేసుకోవచ్చా అని అడిగేవారుంటారు. వేసుకోవచ్చు, కాని నిండా బొమ్మలున్న చీరగా కాకుండా ఒక జాకెట్టుగానో, దుపట్టాగానో. కరక్కాయ కషాయం, పాలు కలిపిన ద్రవంలో గుడ్డను నానబెట్టి, ఇనుము, బెల్లం పులియబెట్టి తీసిన నలుపుతో వెదురు కలం పట్టి గీసే ఈ పనిలో గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటుంది. గీతలన్నీ ఒకే మందంతో, బొమ్మలన్నీ అచ్చు గుద్దినట్టు ఒకే తీరుగా ఉంటే అది స్క్రీను ముద్రణ. ముద్రణ కొనడం తప్పు కాదు. కాని దానికి కలం పని ధర ఇవ్వకూడదు.

ఏ నూలు గుడ్డనైనా కుట్టడానికి ఇచ్చేముందు ఒక రాత్రి చన్నీళ్లలో నానబెట్టి, నీడలో ఆరవేసి ఇవ్వండి. నూలు మొదటి తడుపుకే వందకు మూడు నుంచి ఐదు పాళ్లు ముడుచుకోవడం సాధారణం. 30 అంగుళాల చొక్కా పొడవులో అది ఇంచుమించు ఒక అంగుళం నుంచి ఒకటిన్నర అంగుళం అవుతుంది. రంగు దిగే గుడ్డ ఏదో కూడా ఆ నీళ్లే చెప్పేస్తాయి.

6. టైలరు దగ్గర ఏమడగాలి

కొత్త టైలరుకు ఒకేసారి ఆరు జతలు అప్పగించవద్దు. ముందు ఒక చొక్కా, ఒక ప్యాంటు మాత్రమే ఇచ్చి, అవి రెండు ఉతుకులు చూశాక మిగిలినవి ఇవ్వండి. వేళ కూడా చూసుకోవాలి. సంక్రాంతి, ఉగాది, దీపావళి ముందు, పెళ్లి ముహూర్తాల్లో, జూన్‌లో బడి యూనిఫారాల కాలంలో, మే నెలలో గంగమ్మ జాతర రోజుల్లో మిషను దగ్గరివారికి ఊపిరి సలపదు. ఆ హడావుడిలో కుట్టిన బట్టలో కాజాల నూలు అప్పుడే విడిపోతూ ఉంటుంది.

చొక్కా కొలతలు ఇచ్చేటప్పుడు ఇవి స్వయంగా చెప్పండి: భుజం కుట్టు భుజపుటెముక అంచున ఆగాలి, చేయి వైపు జారకూడదు. కాలరు గుండీ పెట్టాక మెడకూ కాలరుకూ మధ్య రెండు వేళ్లు దూరాలి. నిండుచేయి మణికట్టు ఎముక దాటి అర అంగుళం రావాలి. బైకు నడిపేవారు చేతులు ముందుకు చాచి కొలిపించుకోండి. నిలబడి కొలిచిన చేయి హ్యాండిలు పట్టుకోగానే పొట్టిదైపోతుంది. ప్యాంటు వెనుక కుట్టులో ఒకటిన్నర అంగుళం, కింది మడతలో రెండు అంగుళాలు మిగులు ఉంచమనండి. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదిలో నడుము పెరగడం ఎవరికీ కొత్త కాదు, ఆ మిగులే మరో ప్యాంటు కొనకుండా కాపాడుతుంది.

స్త్రీలు జాకెట్టుకు నమూనాగా కొత్తదాన్ని కాక, బాగా అలవాటైన పాతదాన్ని ఇవ్వాలి. బోర్డు మీద చేయెత్తి రాసేవారు చంక కోత విషయం ప్రత్యేకంగా చెప్పాలి, లేకపోతే చేయి ఎత్తినప్పుడల్లా జాకెట్టు మొత్తం పైకి లేస్తుంది. పక్క కుట్లలో అంగుళం మిగులు ఉండనివ్వండి. కుర్తీకి కుడివైపు కుట్టులో జేబు పెట్టించుకోండి. ఫోను, బస్సు చిల్లర, కార్యాలయపు గుర్తింపు కార్డు పట్టే లోతు, అంటే ఎనిమిది అంగుళాలు ఉండాలి. రెడీమేడు కుర్తీల్లో అరుదుగా దొరికే ఈ ఒక్క సదుపాయం కోసమైనా కుట్టించుకోవచ్చు.

తీసుకోవడానికి వెళ్లినప్పుడు లోపలి వైపు తిప్పి చూడండి. అంచుల్లో పోగులు ఊడకుండా ఓవర్‌లాక్ కుట్టు వేశారా, గుండీలు నాలుగు రంధ్రాల గుండా కుట్టారా, మిగిలిన గుడ్డ ముక్క తిరిగి ఇచ్చారా అన్నవి చూసి, అక్కడే తొడుక్కొని చేతులు పైకెత్తి, కూర్చొని లేచి, ఆ తరువాతే డబ్బు చెల్లించండి.

7. రెడీమేడు కొనేటప్పుడు

2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల వరకు ధర ఉన్న ఒక్కో దుస్తుకు జీఎస్టీ 5 శాతం, ఆపైన 18 శాతం. అందువల్ల ఈ హద్దుకు కొద్దిగా పైనున్న ధరలో కొనడం గిట్టుబాటు కాదు; అయితే ఆ ధర దాకా పోవలసిన అవసరం మొదటి ఉద్యోగానికి రాదు. చొక్కా కాలరు సైజు సెంటీమీటర్లలో 38, 40, 42 అని ఉంటుంది. ఒక్కో బ్రాండు కోత ఒక్కో తీరు కాబట్టి అంకెను నమ్మి, తొడిగి చూడకుండా తెచ్చుకోవద్దు. ఆన్‌లైనులో కొనేవారికి ఇది మరీ ముఖ్యం.

తగ్గింపుల కాలం మనకు రెండుసార్లు కలిసివస్తుంది. పెళ్లిళ్లు లేని ఆషాఢంలో తెలుగు అంగళ్లు, జూలై మధ్యలో మొదలయ్యే ఆడి మాసంలో తమిళ అలవాటు ఉన్న అంగళ్లు ధర దించుతాయి. సాదా ప్యాంట్లు, తెల్ల చొక్కాలు అప్పుడు కొనిపెట్టుకోండి. తగ్గింపు చూసి రంగుల నియమం మరవడం మాత్రం అందరూ పడే గోతి.

8. ఏ నెలలో ఏవి

చేరకముందు రెండు జతలు, ఒక జత బూట్లు, ఒక బెల్టు. ఇవి ఇంట్లో వారి డబ్బుతోనే కదా, క్లుప్తంగా ఉండనివ్వండి. మొదటి జీతంతో లెక్క ప్రకారం కావలసిన చొక్కాల్లో, కుర్తీల్లో సగం పూర్తి చేయండి. ఒక్కటి ముందు కుట్టించి చూసేది కూడా ఈ నెలలోనే. రెండో జీతంతో ప్యాంట్లు, జాకెట్లు, మిగిలిన సగం. మూడో జీతంతో ఒక మంచి జత, అంటే పై అధికారులు వచ్చిన రోజుకూ, సహోద్యోగి పెళ్లికీ, మరో ఉద్యోగపు ఇంటర్వ్యూకూ పనికొచ్చేది. మొదటి జీతంతో అమ్మకు చీర, నాన్నకు పంచె తీసుకునే ఆచారం ఉన్న ఇళ్లలో ఆ ఖర్చును ముందే పక్కన పెట్టి మిగిలిన దానిమీద లెక్క వేయాలి.

బూట్లు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కొద్దిగా ఉబ్బి ఉంటాయి. రెండు జతలుంటే రోజు మార్చి రోజు తొడగడం వల్ల చెమట తడి పూర్తిగా ఆరి రెండూ ఎక్కువకాలం మన్నుతాయి. నల్ల బెల్టు నల్ల బూట్లకు, గోధుమ రంగుది గోధుమ రంగు వాటికి; అంతకు మించిన శాస్త్రం ఇందులో లేదు.

9. ఉతుకు, ఇస్త్రీ, నిల్వ

బోరు నీళ్లు ఉప్పగా ఉండే వీధుల్లో సబ్బు నురగ పట్టదు, తెల్ల చొక్కా నెలల్లోనే బూడిద రంగుకు తిరుగుతుంది. అక్కడ సబ్బు బిళ్లకు బదులు డిటర్జెంటు పొడి వాడి, నూలు బట్టలు నానబెట్టే బకెట్టులో ఒక చెంచా చాకలి సోడా కలపండి. పట్టుకు, కలంకారీకి అది పనికిరాదు. వారానికి ఒక్కసారి మంచినీళ్ల కొళాయి వచ్చినా చివరి జాడింపు ఆ నీళ్లలో చేయండి.

కాలరు మురికి వంటి జిడ్డు వల్ల పట్టేది. దాన్ని బ్రష్షుతో గట్టిగా తోమితే మురికితో పాటు నూలూ పోతుంది. ఉతికే ముందు రెండు చుక్కల షాంపూ వేలితో రాసి పది నిమిషాలు వదిలేస్తే చాలు. చొక్కాలను, కుర్తీలను లోపలి వైపు తిప్పి ఆరవేయండి, మన మధ్యాహ్నపు ఎండకు రంగు నిలవదు. కలంకారీని విడిగా, చన్నీళ్లలో, పలుచని సబ్బుతో జాడించి నీడలోనే ఆరవేయాలి.

ఇస్త్రీ బండికి ఇచ్చేటప్పుడు పాలియెస్టరు కలిసిన బట్టలను వేరుగా మూటకట్టి చెప్పండి. నిప్పుల పెట్టె వేడి నూలుకు తగ్గట్టు ఉంటుంది, అదే వేడికి పాలియెస్టరు మెరుపు మచ్చ పడుతుంది. నూలు చీరకు పలుచని గంజి చాలు. గంజి పెట్టినదాన్ని నెలల తరబడి దాచితే పురుగు పడుతుంది, కాబట్టి వాడకం లేని కాలంలో గంజి లేకుండా ఉతికి పెట్టాలి. జరీ ఉన్న చీరను పాత నూలు పంచెలో చుట్టి, మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చి పెట్టండి, ఒకే మడతలో ఉంటే జరీ అక్కడే చిట్లుతుంది. నాఫ్తలీను ఉండలు జరీకి తగలనివ్వకండి.

10. ఆరు నెలలకు ఒకసారి

ఏడాదికి రెండుసార్లు, వేసవి ముందొకసారీ, వానల ముందొకసారీ, మొదటి మెట్టులోని కిటికీ పరీక్ష మళ్లీ చేయండి. ఆరు నెలల్లో ఒక్కసారైనా తొడగనిది ఉంటే ఎందుకు తొడగలేదో కనుక్కోండి: బిగుతైతే టైలరుకు, రంగు కలవనిదైతే తమ్ముడికో చెల్లెలికో. కొత్తది కొనవలసి వస్తే పాడైనదాని బదులుగానే కొనండి, అప్పుడు మొత్తం సంఖ్య మూడో మెట్టులో వేసిన లెక్క దాటదు.

అంచు తెగిన కాలరు చొక్కాలు పక్కన పెట్టి ఉంచమన్నాను కదా. కాలరుకు లోపలి వైపు ఇంకా కొత్తగానే ఉంటుంది; టైలరు దాన్ని విప్పి, తిరగవేసి, అదే పట్టీకి మళ్లీ కుట్టగలడు. పాత టైలర్లకు ఇది బాగా తెలిసిన పని, కొత్తవారికి వివరించి చెప్పవలసి రావచ్చు. కాలరు మొనల్లో ప్లాస్టిక్ పుల్లలు దూర్చే చొక్కా అయితే వాటి అర బయటి వైపుకు వచ్చేస్తుంది గనుక ఆ రకానికి ఇది కుదరదు. మామూలు చొక్కా మాత్రం, గుడ్డ గట్టిగా ఉన్నంతవరకు, ఇంకో ఏడాది పనికి వస్తుంది.